గ్రాహకం, మందు, వంశం: ఎసిటైల్‌కొలిన్ చరిత్రలో తెలుగు నేల

సారాంశం

ఒక నాడీకణం విడుదల చేసే రసాయనాన్ని అవతలి కణం మీద అందుకునే ప్రోటీన్‌ను గ్రాహకం అంటారు. ఎసిటైల్‌కొలిన్ గ్రాహకాన్ని గురించిన జ్ఞానం ఎలా రూపొందిందో, ఆ క్రమంలో తెలుగు వైశ్య సమాజంలోని ఒక జన్యు లక్షణం ఎలా వెలుగులోకి వచ్చిందో ఈ వ్యాసం చారిత్రక దృష్టితో పరిశీలిస్తుంది. శస్త్రచికిత్సలో వాడే సక్సామెథోనియం అనే మందును విచ్ఛిన్నం చేసే ఎంజైమ్ కొందరిలో పుట్టుకతోనే పనిచేయదు. ఆ లోపం ఎంత తరచుగా కనిపిస్తుందన్నది ఆ సమాజపు వివాహ చరిత్రకు ఒక ఆధారమైంది. ఆ ఆధారం ఏం చెబుతుంది, ఏం చెప్పదు, మదనపల్లె వంటి వ్యావసాయిక ప్రాంతంలో దాని ప్రయోజనం ఏమిటి అన్నవి ఇక్కడి ప్రధాన చర్చాంశాలు.

కీలకపదాలు: ఎసిటైల్‌కొలిన్, గ్రాహకం, బ్యూటిరిల్‌కొలినెస్టరేజ్, సక్సామెథోనియం, అంతర్వివాహం, స్థాపక ప్రభావం, వైశ్యులు, మదనపల్లె.

1. ఉపోద్ఘాతం

శాసనం, తాళపత్రం, నాణెం, కైఫీయతు చరిత్ర పరిశోధకులకు చిరపరిచితమైన ఆధారాలు. ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధం నుంచి వీటి సరసన మరొకటి చేరింది. అది మనుషుల రక్తంలోని జన్యు సమాచారం. ఇతర ఆధారాల మాదిరిగానే దీనికీ కాలనిర్ణయం, ప్రాంతనిర్ణయం, పరిమితులు ఉన్నాయి. శాసనాన్ని చదివేటప్పుడు చూపే జాగ్రత్తను జన్యువును చదివేటప్పుడు కూడా చూపకపోతే రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. సంఖ్యను తిరుగులేని తీర్పుగా స్వీకరించడం మొదటిది. సామాజిక చరిత్రకు దానితో నిమిత్తం లేదని పక్కన పెట్టడం రెండవది.

తెలుగు సమాజానికి సంబంధించినంతవరకు ఈ జాగ్రత్త అవసరాన్ని స్పష్టంగా చూపే ఉదాహరణ నాడీరసాయన శాస్త్రం నుంచి వచ్చింది. ఎసిటైల్‌కొలిన్ గ్రాహకం మీద పనిచేసే ఒక మందు, ఆ మందును రక్తంలోనే విరిచేసే ఒక ఎంజైమ్, ఆ ఎంజైమ్‌కు మూలమైన ఒక జన్యువు, ఆ జన్యువును తరతరాలుగా మోసుకొచ్చిన ఒక సమాజం ఈ కథలోని నాలుగు మెట్లు. మెట్లన్నీ ఎక్కితే తప్ప చివర కనిపించే సామాజిక ప్రశ్న అర్థం కాదు. అందువల్ల ఈ వ్యాసం గ్రాహక భావన పుట్టుకతో మొదలై, ఆంధ్రదేశపు పరిశోధనల మీదుగా, మదనపల్లె, కురబలకోట ప్రాంతపు వైద్య అవసరం దగ్గర ముగుస్తుంది.

2. గ్రాహక భావన పుట్టుక

దక్షిణ అమెరికాలోని ఆదివాసులు బాణాల కొనలకు పూసే క్యురారే అనే విషం వేటజంతువును చలనం లేకుండా పడగొడుతుంది. 1850ల ప్రాంతంలో ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు క్లోద్ బెర్నార్ ఈ విషాన్ని కప్పల మీద ప్రయోగించి ఒక విచిత్రాన్ని గమనించాడు. విషం ఎక్కిన జంతువులో నరాన్ని ప్రేరేపిస్తే కండరం కదలదు. అదే కండరాన్ని నేరుగా ప్రేరేపిస్తే కదులుతుంది. అంటే కండరం చావలేదు, నరమూ చావలేదు. ఆ రెండూ కలిసే చోట ఏదో తెగిపోయింది.

ఆ చోట ఏముందన్న ప్రశ్నకు 1905లో కేంబ్రిడ్జ్‌కు చెందిన జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ ఒక సమాధానం ప్రతిపాదించాడు. కోడి కండరాల మీద నికోటిన్ సంకోచాన్ని కలిగిస్తుంది. క్యురారే ఆ సంకోచాన్ని ఆపుతుంది. నరాన్ని తెంచి, అది క్షీణించిన తరువాత చూసినా ఇదే జరుగుతుంది. కాబట్టి రెండు పదార్థాలూ కండరకణం మీదనే ఉన్న ఒకానొక ‘స్వీకరించే పదార్థం’తో కలుస్తున్నాయని లాంగ్లీ నిర్ణయించాడు. నేటి గ్రాహక భావనకు బీజం ఇదే. ఆ పదార్థాన్ని అప్పటికి ఎవరూ చూడలేదు. పని చూసి పనివాడు ఉన్నాడని ఊహించడమే అప్పటి పద్ధతి.

నరం నుంచి కండరానికి సందేశాన్ని మోసేది రసాయనమేనన్న సంగతి ఆ తరువాత స్థిరపడింది. 1914లో హెన్రీ డేల్ ఎసిటైల్‌కొలిన్ ధర్మాలను వివరించాడు. 1921లో ఆటో లోవీ ఒక కప్ప గుండెను తడిపిన ద్రవాన్ని మరో కప్ప గుండెకు అందించి, నరం లేకుండానే రెండవ గుండె వేగం తగ్గడాన్ని చూపాడు. ఈ ఇద్దరికీ 1936లో నోబెల్ బహుమతి లభించింది. చలన నరాల కొసల దగ్గర విడుదలయ్యేది కూడా ఎసిటైల్‌కొలినేనని డేల్ బృందం అదే ఏడాది నిరూపించింది.

డేల్ కృషివల్ల మరో విభజన కూడా ఏర్పడింది. ఎసిటైల్‌కొలిన్ చేసే పనులలో కొన్ని నికోటిన్ చేసే పనులను పోలి ఉంటాయి, కొన్ని మస్కరిన్ చేసే పనులను పోలి ఉంటాయి. అందుకే దాని గ్రాహకాలు నికోటినిక్, మస్కరినిక్ అని రెండు కుటుంబాలయ్యాయి. కండరాల మీద ఉన్నవి నికోటినిక్ రకం. గుండె, లాలాజల గ్రంథులు, పేగులలో ఉన్నవి మస్కరినిక్ రకం. మెదడులో రెండు రకాలూ ఉన్నాయి. మన పొలాల గట్ల మీద పెరిగే ఉమ్మెత్తలోని అట్రోపిన్ మస్కరినిక్ గ్రాహకాన్ని మూసివేస్తుంది. ఉమ్మెత్త కాయ తిన్నవారికి నోరు ఎండిపోవడం, కంటిపాప విప్పారడం, మతి చలించడం ఈ కారణంగానే. జనజీవనంలో ఎప్పటినుంచో ఉన్న ఈ అనుభవానికి గ్రాహక శాస్త్రం హేతువు చూపింది.

3. ఊహ నుంచి జన్యువు దాకా

లాంగ్లీ ఊహించిన పదార్థాన్ని చేతికి చిక్కించుకోవడానికి మరో విషమే తోడ్పడింది. తైవాన్‌కు చెందిన చాంగ్, లీ అనే పరిశోధకులు 1963లో కట్లపాము జాతికి చెందిన ఒక సర్పం విషం నుంచి ఆల్ఫా బంగరోటాక్సిన్‌ను వేరుచేశారు. ఇది నికోటినిక్ గ్రాహకానికి అంటుకుంటే ఒక పట్టాన వదలదు. మన రాయలసీమ పల్లెల్లో రాత్రిపూట కాటువేసే కట్లపాము కూడా ఇదే ప్రజాతిది. కాటు తిన్నవారి కనురెప్పలు వాలిపోయి, క్రమంగా శ్వాసకండరాలు చచ్చుబడటానికి నాడీకండర సంధి మీద విషం చేసే దాడే కారణం. విద్యుత్తును పుట్టించే ఈల్ చేప శరీరంలో ఈ గ్రాహకాలు దట్టంగా ఉంటాయి. 1970లో పారిస్‌లో జాన్ పియర్ షాంజో బృందం ఆ సర్పవిషాన్ని గుర్తుగా ఉపయోగించి, ఈల్ నుంచి గ్రాహకాన్ని వేరుచేయగలిగింది.

1982లో జపాన్‌లోని క్యోటో విశ్వవిద్యాలయంలో షోసాకు నూమా బృందం విద్యుత్ తిరండి చేపలోని గ్రాహకపు ఒక ఉపభాగానికి సంబంధించిన జన్యు లిపిని చదివింది. దీనితో గ్రాహకం ఊహ స్థాయి దాటి, అక్షరం అక్షరంగా చదవగల ప్రోటీన్ అయింది. నికోటినిక్ గ్రాహకం అయిదు ఉపభాగాల కూర్పు. అవి వలయంగా నిలబడి మధ్యలో ఒక రంధ్రాన్ని ఏర్పరుస్తాయి. ఎసిటైల్‌కొలిన్ అంటుకున్నప్పుడు రంధ్రం తెరుచుకుంటుంది, సోడియం అయాన్లు లోపలికి దూకుతాయి, కండరం సంకోచిస్తుంది. కండరంలోని గ్రాహకానికీ మెదడులోని గ్రాహకానికీ ఉపభాగాల ఎంపికలో తేడా ఉంటుంది. ఒక్కొక్క ఉపభాగానికి ఒక్కొక్క జన్యువు ఉంది.

జన్యువు తెలిశాక, జన్యువులోని తప్పులు కూడా తెలిశాయి. మెదడులోని నికోటినిక్ గ్రాహకపు ఆల్ఫా 4 ఉపభాగంలో ఒక మార్పు వల్ల నిద్రలో మూర్ఛలు వచ్చే ఒక వంశపారంపర్య వ్యాధి కలుగుతుందని 1995లో తేలింది. ఇతర కారణం కనిపించని మూర్ఛవ్యాధికి ఒక నిర్దిష్ట జన్యువును చూపగలగడం అదే మొదటిసారి. కండరంలోని గ్రాహకపు ఎప్సిలాన్ ఉపభాగంలో ఒకే ఒక్క అక్షరం ఎగిరిపోతే పుట్టుకతో వచ్చే కండర బలహీనత కలుగుతుంది. ఈ మార్పు ఐరోపాలోని రోమా ప్రజలలో ఎక్కువ. భారత, పాకిస్తాన్ దేశాల రోగులలో కూడా అదే మార్పు అదే జన్యు నేపథ్యం మీద ఉన్నదని 2004లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. రోమాల పూర్వికులు భారత ఉపఖండం నుంచి వెళ్లినవారన్న సంగతిని భాషాశాస్త్రం అంతకుముందే చెప్పింది. గ్రాహక జన్యువు దానికి సాక్ష్యం పలికింది. జన్యులోపం ఒక వలస చరిత్రకు ఆధారమైన సందర్భం ఇది. ఆంధ్రదేశపు ఉదాహరణ కూడా ఇదే కోవకు చెందుతుంది. అయితే అక్కడ లోపం ఉన్నది గ్రాహకంలో కాదు, గ్రాహకం మీద పనిచేసే మందును తొలగించే ఎంజైమ్‌లో.

4. ఆలస్యంగా తిరిగివచ్చిన శ్వాస

రెండు ఎసిటైల్‌కొలిన్ అణువులను జోడించినట్లుండే పదార్థం సక్సామెథోనియం. దీనికే సక్సినైల్‌కొలిన్ అని మరో పేరు. 1906లోనే రీడ్ హంట్, టావో అనేవారు దీని ప్రభావాలను జంతువుల మీద పరిశీలించారు. కానీ వారు వాడిన జంతువులకు ముందే క్యురారే ఇచ్చి ఉన్నారు. కండరాలు అప్పటికే చచ్చుబడి ఉండటంవల్ల, కండరాలను చచ్చుబరచే గుణం కొత్త పదార్థంలోనూ ఉందన్న సంగతి వారి కంటపడలేదు. నలభై ఏళ్లకు పైగా ఆ గుణం మరుగున పడిపోయింది. 1949లో డానియెల్ బోవే తదితరులు దాన్ని గుర్తించారు. 1951 నుంచి శస్త్రచికిత్సలలో వాడకం మొదలైంది.

ఈ మందు గ్రాహకాన్ని మూయదు, తెరిచి అలాగే ఉంచుతుంది. కండరం ఒకసారి అదిరి, తరువాత స్పందించడం మానుకుంటుంది. రోగి గొంతులోకి శ్వాసనాళిక పంపడానికి ఈ సడలింపు అవసరం. రక్తంలోని బ్యూటిరిల్‌కొలినెస్టరేజ్ అనే ఎంజైమ్ మందులో అధికభాగాన్ని చేరవలసిన చోటు చేరకముందే విరిచేస్తుంది. అందువల్ల మామూలుగా దీని ప్రభావం అయిదు పది నిమిషాలకు మించదు. మందుకున్న ప్రయోజనమంతా ఈ అల్పాయుష్షులోనే ఉంది.

వాడకం మొదలైన కొద్దికాలానికే కొందరు రోగులలో శ్వాస తిరిగి రావడానికి గంటలు పట్టింది. 1952లో బ్రిటన్‌లో హెర్మన్ లేమన్ తదితరులు దీనికి ఆ ఎంజైమ్ తక్కువగా ఉండటం కారణమని చూపారు. 1956లో ఈ లోపం కుటుంబాలలో నడుస్తుందని లేమన్, రయన్ ప్రకటించారు. మరుసటి ఏడాది టొరంటోలో వెర్నర్ కాలో డైబుకేన్ అనే మందు ఈ ఎంజైమ్‌ను ఎంతమేరకు అణచగలదో కొలిచే పరీక్షను రూపొందించాడు. మామూలు ఎంజైమ్ సుమారు ఎనభై శాతం అణగుతుంది. వికృత రూపం సుమారు ఇరవై శాతమే అణగుతుంది. తల్లిదండ్రుల నుంచి ఒక్కొక్క రకం పొందినవారిలో ఫలితం మధ్యస్థంగా ఉంటుంది. మెండెల్ సూత్రం ఒక మందు విషయంలో ఇంత స్పష్టంగా కనిపించడంతో ఔషధ జన్యుశాస్త్రం అనే కొత్త శాఖకు పునాది పడింది. ఆ పేరును 1959లో ఫ్రెడ్రిక్ ఫోగెల్ పెట్టాడు.

1962లో లేమన్ బృందం మరో రకాన్ని వివరించింది. ఇందులో ఎంజైమ్ వికృతంగా ఉండటం కాదు, దాని పనే కనిపించదు. దీన్ని ‘మౌన’ జన్యువు అన్నారు. తల్లి నుంచీ తండ్రి నుంచీ మౌన రూపమే పొందిన వ్యక్తికి సక్సామెథోనియం ఇస్తే కొన్ని గంటలపాటు సొంతంగా ఊపిరి తీసుకోలేడు. వెంటిలేటర్ మీద ఉంచి, మత్తు కొనసాగించి, ఓపికగా కనిపెట్టుకుని ఉంటే పూర్తిగా కోలుకుంటాడు. ఆ ఏర్పాటు లేనిచోట ప్రాణం పోతుంది.

దక్షిణ భారతంలోనూ మనుషుల జన్యు వైవిధ్యం మీద అప్పటికే దృష్టి పడింది. నీలగిరి ఆదివాసులలో కొడవలి కణ లక్షణాన్ని 1952లో నివేదించినవారిలో ఇదే లేమన్ ఒకడు. మద్రాసులోని క్షయ రసాయనచికిత్స కేంద్రంలో పి.ఆర్.జె. గంగాధరం తదితరులు దక్షిణ భారత రోగుల శరీరాలు ఐసోనియజిడ్ మందును ఏ వేగంతో నిర్వీర్యం చేస్తాయో కొలిచి 1961లో ప్రచురించారు. ఒకే మోతాదుకు మనిషికొక తీరున స్పందన ఉంటుందన్న ఎరుక ఈ ప్రాంతానికి క్షయవ్యాధి చికిత్స ద్వారా వచ్చింది.

5. ఆంధ్రదేశపు వైశ్యులలో మౌన రూపం

1979లో ‘హ్యూమన్ జెనెటిక్స్’ పత్రికలో రావు, గోపాలం అనే పరిశోధకులు ఆంధ్రప్రదేశ్ వైశ్యులలో కొలినెస్టరేజ్ మౌన రూపం అధికంగా ఉన్నదని ప్రకటించారు. ఈ అంశంపై తరువాత జరిగిన పనికి ఇదే ఆధారపత్రం. ఐరోపా, అమెరికా జనాభాలో ఈ లోపం దాదాపు లక్షమందిలో ఒకరికి మాత్రమే ఉంటుందని అంచనా. ఆ నేపథ్యంలో ఒకే సమాజంలో పలువురిలో కనిపించడం అసాధారణం.

ఈ లోపానికి మూలమైన అక్షరదోషం 2006లో బయటపడింది. కోయంబత్తూరులోని భారతియార్ విశ్వవిద్యాలయానికి చెందిన మనోహరన్, బూపతి, అమెరికాకు చెందిన ఒక్సానా లాక్రిడ్జ్ తదితరులు అక్కడి వైశ్య సమాజపు డి.ఎన్.ఎ.ను పరిశీలించారు. ఎంజైమ్ ప్రోటీన్‌లో 307వ స్థానంలో లూసిన్ ఉండవలసిన చోట ప్రోలిన్ వచ్చి చేరిందని తేల్చారు. ప్రోటీన్ సరైన ఆకృతిలోకి ముడుచుకోవడానికి ప్రోలిన్ తరచు అడ్డం వస్తుంది. మూడవ క్రోమోజోమ్ మీది జన్యువులో ఒక్క అక్షరం మారినందువల్ల ఎంజైమ్ మూగబోయింది. ఇదే బృందం మరుసటి ఏడాది ఇంకో ముఖ్యమైన విషయం ప్రకటించింది. ఈ లక్షణం ఉన్నవారి ఆరోగ్యంలో వేరే లోపమేదీ కనిపించలేదు. మందు తగలనంతవరకు ఈ జన్యువు తన ఉనికిని తెలియనివ్వదు.

కాబట్టి దీన్ని వ్యాధి అని పిలవడం సరికాదు. తలసీమియా వంటి వ్యాధుల విషయంలో వివాహానికి ముందు పరీక్షలకు ఒక అర్థం ఉంది. ఇక్కడ ఆ అవసరం లేదు. ఎవరి పెళ్లీ ఆగనక్కరలేదు, ఎవరి సంబంధమూ తప్పిపోనక్కరలేదు. మత్తు వైద్యుడికి ముందుగా తెలియడం ఒక్కటే కావలసింది. సక్సామెథోనియం, మైవాక్యూరియం మానితే చాలు. ప్రత్యామ్నాయ మందులు అందుబాటులో ఉన్నాయి.

లోపం ఎన్ని రెట్లు ఎక్కువ అన్న ప్రశ్నకు సమాధానం నమూనాను బట్టి మారుతుంది. 2017లో ‘నేచర్ జెనెటిక్స్’లో వచ్చిన అధ్యయనం వైశ్యులలో ఇది ఇతరులకంటే సుమారు వంద రెట్లు ఎక్కువని పేర్కొంది. ఒకే పట్టణంలోని చిన్న నమూనాల నుంచి తీసిన సంఖ్యలు అంతకంటే చాలా పెద్దవి. దగ్గరి బంధువులు అధికంగా చేరిన నమూనాలో సంఖ్య పెరగడం సహజం. పట్టణపు సంఖ్యను సమాజమంతటికీ వర్తింపజేయడం, ఒక గ్రామశాసనాన్ని రాజ్యమంతటికీ వర్తింపజేయడం వంటిదే.

6. జన్యువు చారిత్రక ఆధారంగా

అరుదైన ఒక అక్షరదోషం ఒకే సమాజంలో ఇంత విస్తరించడానికి జనాభా జన్యుశాస్త్రం చెప్పే కారణం స్థాపక ప్రభావం. ఒకప్పుడు కొద్దిమంది పూర్వికుల నుంచి సమాజం విస్తరించింది. వారిలో ఎవరో ఒకరి దగ్గర ఈ దోషం ఉంది. ఆ తరువాత బయటి వివాహాలు జరగనందువల్ల అది పలచబడలేదు.

2009లో ‘నేచర్’ పత్రికలో హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు కుమారస్వామి తంగరాజ్, లాల్జీ సింగ్, అమెరికాకు చెందిన డేవిడ్ రైక్ తదితరులు 25 సమూహాలకు చెందిన 132 మంది జన్యు సమాచారాన్ని విశ్లేషించారు. వైశ్యుల స్థాపక ఘట్టం వంద తరాలకు పూర్వం నాటిదని అందులో తేలింది. ఇటువంటి పాత ఘట్టాల ఆనవాళ్లు చెరిగిపోకుండా మిగలాలంటే, తరానికి ముప్పయ్యో వంతుకంటే తక్కువగా మాత్రమే బయటి రక్తం కలిసి ఉండాలని వారి లెక్క. రైక్ తన 2018 నాటి గ్రంథంలో ఈ ఘట్టాన్ని రెండు వేల నుంచి మూడు వేల ఏళ్ల క్రితానికి చెందినదిగా చెప్పాడు. కులవ్యవస్థ కఠినరూపం ప్రధానంగా వలసపాలనలో రూపుదిద్దుకున్నదని నికొలస్ డర్క్స్ వంటి చరిత్రకారులు చేసిన వాదానికి రైక్ దీన్ని ప్రత్యుదాహరణగా చూపాడు.

ఇక్కడ మూడు విషయాలను వేరుచేసి చూడాలి.

మొదటిది, స్థాపక ప్రభావం వేరు, మేనరికం వేరు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో ప్రచురించిన దక్షిణ భారత కులాల, తెగల గ్రంథంలో కోమట్ల మేనరిక నియమాన్ని ప్రత్యేకంగా వివరించాడు. మేనరికం దగ్గరి బంధువుల మధ్య వివాహం. ఒక దోషం రెండు వైపుల నుంచీ బిడ్డకు చేరే అవకాశాన్ని అది పెంచుతుంది. కానీ దోషం సమాజమంతటా వ్యాపించి ఉండటానికి అది కారణం కాజాలదు. మేనరికం పూర్తిగా ఆగినా, సమాజం లోపలే వివాహాలు జరుగుతున్నంతకాలం మౌన రూపం కనిపిస్తూనే ఉంటుంది.

రెండవది, పురాణానికీ జన్యువుకూ తొందరపడి ముడివేయకూడదు. పెనుగొండ వాసవీ కన్యక కథలో 714 గోత్రాలవారిలో 102 గోత్రాలవారు కన్యకను అనుసరించి నిలిచారని సంప్రదాయం చెబుతుంది. ఒక పెద్ద సమూహం చిన్నదై, ఆ చిన్న సమూహం నుంచి నేటి సమాజం విస్తరించిందన్న కథనం స్థాపక ఘట్టాన్ని తలపిస్తుంది. కానీ ఈ సంప్రదాయం చాళుక్య కాలపు విష్ణువర్ధనుడి పేరుతో ముడిపడినది. జన్యు గణన సూచించేది అంతకు వెయ్యేళ్లకు పైగా ముందటి కాలాన్ని. ఒక సమాజం తన ఐక్యతను, ప్రత్యేకతను, వివాహ నియమాలను ఎలా చెప్పుకుందో తెలుసుకోవడానికి పురాణం విలువైన ఆధారం. జనాభా సంకోచం ఎప్పుడు జరిగిందో తెలుసుకోవడానికి అది ఆధారం కాదు. రెండింటి ప్రామాణికతలు వేరు. ఒకదానితో మరొకదాన్ని నిరూపించబోతే రెండూ దెబ్బతింటాయి.

మూడవది, జన్యువు వివాహ హద్దులను చెబుతుందే తప్ప, ఆ హద్దులకు ఏ పేరు ఉండేదో, సమాజంలో వారి స్థానం ఏమిటో, ఏ వృత్తి చేసేవారో చెప్పదు. వంద తరాల క్రితం ఉన్న చిన్న సమూహం తనను వైశ్యులని పిలుచుకున్నదా, వర్తకం చేసిందా, తెలుగే మాట్లాడిందా అన్న ప్రశ్నలకు డి.ఎన్.ఎ.లో జవాబు లేదు. కాబట్టి డర్క్స్ వాదం జన్యువుతో పూర్తిగా కూలిపోదు. జనగణన, కులాల వర్గీకరణ, కులసంఘాల ఏర్పాటు వలసకాలపు పరిణామాలన్న సంగతి అలాగే నిలుస్తుంది. అంతర్వివాహం మాత్రం కొన్ని సమూహాలలో వలసపాలనకు ఎంతో పూర్వం నుంచి ఉన్నదని ఒప్పుకోవాలి.

దీన్ని రక్తశుద్ధికి నిదర్శనంగా చదవడం మరింత పొరపాటు. 2017 నాటి అధ్యయనం 260కి పైగా దక్షిణాసియా సమూహాలను పరిశీలించి, వాటిలో 81 సమూహాలలో ఫిన్లాండ్ ప్రజల, అష్కెనాజీ యూదుల స్థాపక ఘట్టాలకంటే బలమైనవి ఉన్నాయని తేల్చింది. అగ్రవర్ణాలనీ, వెనుకబడిన వర్గాలనీ, ఆదివాసులనీ ఇందులో భేదం లేదు. పైగా 2009 అధ్యయనం ప్రకారం భారతీయ సమూహాలలో అత్యధికం రెండు ప్రాచీన జనాభాల మిశ్రమం నుంచి వచ్చినవే. ముందు కలయిక, తరువాత కట్టడి. ఆ కట్టడి మిగిల్చినది శుద్ధి కాదు, కొన్ని అక్షరదోషాల పేరుకుపోవడం.

7. మదనపల్లె ప్రాంతం: ప్రశ్న నేలమీదికి

పూర్వపు చిత్తూరు జిల్లా పడమటి భాగంలో మదనపల్లె, కురబలకోట, పుంగనూరు, కుప్పం కర్ణాటక, తమిళనాడు సరిహద్దులకు ఆనుకుని ఉన్నాయి. బజారు వీధుల్లో వైశ్య కుటుంబాలు, చుట్టూ పొలాల్లో టమోటా రైతులు ఉండే ప్రాంతమిది. మదనపల్లె టమోటా మార్కెట్‌కు దేశవ్యాప్తంగా పేరుంది. ఈ రెండు వర్గాల ఆరోగ్యాన్ని ఒకే ఎంజైమ్ కలుపుతుంది.

కూరగాయల పంటల మీద చల్లే పురుగుమందులలో ఆర్గానోఫాస్ఫేట్లు ఒక ప్రధాన వర్గం. ఇవి నాడీసంధులలోని ఎసిటైల్‌కొలినెస్టరేజ్‌ను అణచివేస్తాయి. ఎసిటైల్‌కొలిన్ తొలగిపోక గ్రాహకాల మీద పేరుకుపోతుంది. మస్కరినిక్ గ్రాహకాల వల్ల చెమట, చొంగ, ఊపిరితిత్తుల్లో స్రావాలు వస్తాయి. నికోటినిక్ గ్రాహకాల వల్ల కండరాలు అదిరి చచ్చుబడతాయి. అట్రోపిన్‌తో చికిత్స మొదలవుతుంది. ఉమ్మెత్తలోని గుణమే ఇక్కడ ప్రాణరక్షకం. విషతీవ్రతను తెలుసుకోవడానికి ఆసుపత్రులలో ఎక్కువగా చేసే పరీక్ష రక్తద్రవంలోని కొలినెస్టరేజ్‌ను కొలవడం. అది కొలిచేది బ్యూటిరిల్‌కొలినెస్టరేజ్‌నే.

దీనినుంచి రెండు పరిణామాలున్నాయి. మౌన రూపం ఉన్న వ్యక్తి వేరే కారణంతో స్పృహ తప్పి ఆసుపత్రికి వస్తే, ఈ పరీక్ష సున్నాకు దగ్గరగా చూపుతుంది. తాగని విషానికి వైద్యం జరిగే ప్రమాదం ఉంది. ఎర్ర రక్తకణాలలోని ఎసిటైల్‌కొలినెస్టరేజ్‌ను వేరుగా కొలిస్తే సందేహం తీరుతుంది. ఎందుకంటే దాని జన్యువు వేరు, ఉన్న క్రోమోజోమ్ కూడా వేరు. అది మౌన రూపం ఉన్నవారిలోనూ మామూలుగానే ఉంటుంది.

రెండవ పరిణామం దీనికి అద్దం పట్టినట్లుంటుంది. పురుగుమందు ప్రభావానికి గురైన ఏ రైతులోనైనా, ఏ కూలీలోనైనా బ్యూటిరిల్‌కొలినెస్టరేజ్ అణగిపోయి ఉంటుంది. అటువంటి వ్యక్తికి శ్వాసనాళిక వేయడానికి సక్సామెథోనియం ఇస్తే ప్రభావం దీర్ఘకాలం ఉంటుంది. వైశ్య కుటుంబంలో పుట్టుకతో వచ్చిన స్థితి, టమోటా తోటలో పిచికారీ చేసినవారికి కొన్ని రోజులపాటు కలుగుతుంది. జన్యువు చేసే పనినే రసాయనం తాత్కాలికంగా చేస్తుంది. ఒక కులానికి పరిమితమనిపించిన జ్ఞానం ఈ విధంగా కులంతో నిమిత్తం లేని శ్రామికులకు అక్కరకు వస్తుంది.

మరి వైద్యుడు ఏం అడగాలి? వైశ్యులా కాదా అని అడగడం ఆచరణలో ఉన్న పద్ధతే. దానివల్ల ప్రాణాలు నిలిచి ఉంటాయనడంలో సందేహం లేదు. కానీ ఆ ప్రశ్న రెండు వైపులా తప్పుతుంది. వైశ్యులలో అత్యధికులకు ఈ లోపం లేదు. వైశ్యేతరులలోనూ వేరే అక్షరదోషాల వల్ల ఇదే లోపం ఉండవచ్చు. ‘మీ ఇంట్లోగానీ మీ రక్తసంబంధీకుల్లోగానీ ఎవరికైనా ఆపరేషన్ తరువాత ఊపిరి తిరిగి రావడానికి ఆలస్యమైందా అండీ? ఈమధ్య పురుగుమందు ఏమైనా కొట్టారా?’ అన్న రెండు ప్రశ్నలు కులం పేరెత్తకుండానే కావలసిన సమాచారాన్ని రాబడతాయి. అనుమానం కలిగితే ముందుగా ఎంజైమ్ పరీక్ష చేయవచ్చు. లోపం ఉందని తేలిన వ్యక్తి తోబుట్టువులకు కూడా పరీక్ష చేయించి, ఫలితాన్ని చీటీ మీద రాసి ఇస్తే అది జీవితాంతం పనికివస్తుంది.

ప్రజల మధ్యకు వెళ్లి ఆరోగ్య సమాచారం సేకరించే సంప్రదాయం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రి 1915లో క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ ఆధ్వర్యంలో ప్రారంభమైంది. భారతదేశంలో బి.సి.జి. టీకా కార్యక్రమం 1948లో మొదలైన చోట్లలో మదనపల్లె ఒకటి. 1950 నుంచి 1955 వరకు మదనపల్లె పట్టణంలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ క్షయవ్యాధిపై జరిగిన సామూహిక అధ్యయనం 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయింది. గడపగడపకూ వెళ్లి చేసిన ఆ పని ముందు, రక్తద్రవపు ఎంజైమ్ పరీక్ష చిన్నది. ఇక్కడి కళాశాలల జంతుశాస్త్ర, జీవరసాయన, చరిత్ర విభాగాలు కలిసి చేయదగిన పరిశోధనాంశం ఇది. పరీక్షకు ఒప్పుకున్నవారికి తమ ఫలితం తమకు తెలియాలి. వారి పేర్లు, కుటుంబ వివరాలు గోప్యంగా ఉండాలి. కుల సగటులు ప్రకటించడం దగ్గర ఆగిపోయే అధ్యయనం వారికి చేసే మేలు తక్కువ.

8. ముగింపు

బెర్నార్ కప్ప నుంచి లాంగ్లీ ఊహకు, ఆ ఊహ నుంచి నూమా చదివిన జన్యులిపికి సుమారు నూటముప్పయ్యేళ్లు పట్టింది. ఈ ప్రయాణంలో ఆంధ్రదేశపు వైశ్య సమాజం అనుకోకుండా ఒక ముఖ్యమైన సాక్ష్యాన్ని అందించింది. గ్రాహకం అందరిలోనూ ఒకటే అయినా, దాని మీద మందు ఎంతసేపు నిలుస్తుందన్నది మరో జన్యువు నిర్ణయిస్తుందని, ఆ జన్యువు పంపిణీని వివాహ నియమాలు నిర్ణయిస్తాయని ఈ ఉదాహరణ చూపుతుంది.

చరిత్ర పరిశోధకులకు దీనినుంచి తేలేది పరిమితమైన, కానీ గట్టి నిర్ణయం. కొన్ని తెలుగు సమూహాలలో అంతర్వివాహం ఎంతో ప్రాచీనమైనది. పేరు, హోదా, వృత్తి, పురాణం అన్నవాటి చరిత్రను మాత్రం శాసనాలు, సాహిత్యం, కైఫీయతుల నుంచే రాబట్టుకోవాలి. వైద్యులకు తేలేది అంతకంటే సూటైనది. కుల చరిత్ర ఒక లక్షణాన్ని కనిపెట్టడానికి దారి చూపింది. ఆపరేషన్ బల్ల మీద పడుకున్న వ్యక్తికి అవసరమైనది ఆ చరిత్ర కాదు, తన రక్తపరీక్ష ఫలితం. కురబలకోట నుంచి మదనపల్లె ఆసుపత్రికి తీసుకొచ్చిన రైతుకైనా, పుంగనూరు బజారులోని వర్తకుడికైనా ఆ ఫలితం ఒకే రకంగా ఉపయోగపడుతుంది.